కాపరి కన్ను

కుస్కో పట్నంలో పాత బొమ్మలను బాగుచేసే ఆఫీసుకి వెళ్ళి అడిగితే, తొమాసా ఛాంపి అంటే తెలియనివాళ్ళు ఉండరు. ఆరేళ్ళపాటు ప్రతి నెలా మొదటి సోమవారం ఆవిడ అక్కడ ప్రత్యక్షమయ్యేది. మా ఊరు చుల్లుపాంపా నుంచి రెండు గంటలు కొండ దిగితే రోడ్డు, రోడ్డు మీద ఉన్ని మూటలు మోసుకుపోయే లారీ, ఆ మూటల మీద కూర్చుని నాలుగు గంటలు. ఆఫీసు గేటు దగ్గర టోపీ తీసి దుమ్ము దులుపుకుని, వీపు మూటలోంచి వేయించిన మొక్కజొన్నలు తీసి కాపలావాడి దోసిట్లో పోసి, "మా నోవహు ఎట్టా ఉన్నాడు నాయనా?" అని అడిగేది. ఆస్పత్రిలో చేర్పించిన మామగారిని చూడటానికి వచ్చినంత మర్యాదగా అడిగేది.

"కోలుకుంటున్నాడు. ఓపిక పట్టాలి," అనేవాడు అతను నములుతూ.

ఓపిక సంగతి తొమాసాకి ఒకరు చెప్పాలా. మొదటి ఏడాది ఫైలు దొరకలేదన్నారు. రెండో ఏడాది ఫైలు దొరికింది గానీ సంతకం పెట్టే ఆయన బదిలీ అయ్యాడన్నారు. మూడో ఏడాది, మీ బొమ్మ వరసలో పన్నెండోది అన్నారు. ఆవిడ లోపలికి వెళ్ళి, గోడకి ఆనించి ఉన్న మిగతా పదకొండు బొమ్మల్నీ ఒక్కొక్కటే చూసి, వాటిలోని పునీతులందరికీ దండం పెట్టి, "తొందరగా కోలుకోండి, మీ వెనక మావాడున్నాడు" అని చెప్పి వచ్చింది. ఊళ్ళో ఈ కథ చెప్పుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. నవ్వామే గానీ, ఆమెతోపాటు ఒక్కసారైనా లారీ ఎక్కినవాళ్ళు మాలో లేరు. ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగానే ఉంది.

బొమ్మ సంగతి చెప్పకుండా తొమాసా సంగతి చెప్పడం కుదరదు. బైబిల్లోని నోవహు, జలప్రళయానికి ముందు తన ఓడలోకి జంతువుల్ని ఎక్కిస్తున్న బొమ్మ అది. మూడొందల ఏళ్ళ కిందట గుడ్డమీద వేసిన నూనెరంగుల బొమ్మ, తలుపున్నర ఎత్తుంటుంది. గీసినవాడి పేరు ఎవరికీ తెలియదు గానీ కచ్చితంగా మావాడే. ఎందుకంటే ఏనుగుని జన్మలో చూడనివాడిలా గీసి, మా కొండల్లో మూటలు మోసే లామాల్ని మాత్రం వాటి పెదవి విరుపుతో సహా దించేశాడు. పైన కారునల్లటి మబ్బులు. ఓడ తలుపులోంచి బంగారు వెలుగు. ఆ వెలుగులో నక్కలు, చిలకలు, కొండకుందేళ్ళు జంటలుగా నిచ్చెన ఎక్కుతుంటాయి. నిచ్చెన పక్కన ఒక మూల, బైబిల్లో ఎక్కడా లేని ఆడమనిషి ఒకతె నిలబడి ఉంటుంది. మా అంచుల టోపీ, మా ఎర్ర శాలువా, చేతిలో కదురు. నోవహు జంతువుల్ని చూస్తుంటాడు, జంతువులు ఓడని చూస్తుంటాయి, ఆమె ఒక్కతే మనల్ని చూస్తుంటుంది. చర్చిలో ఏ మూల కూర్చున్నా ఆ చూపు తప్పించుకోలేం. మేం ఆమెని కాపరి అంటాం. ఆమె ఓడ ఎక్కుతుందా, బయటే ఉండిపోతుందా అన్నది మా ఊళ్ళో ఎన్నటికీ తెగని తగాదా. ఆడవాళ్ళు కొవ్వొత్తి వెలిగించేది నోవహుకే, మొక్కుకునేది మాత్రం కాపరికి. "నా మందని కూడా నీ లెక్కలో వేసుకో తల్లీ" అని.

నవంబరు సగం గడిచినా చుక్క పడకపోతే నోవహుని బయటికి తీసుకొస్తాం. చర్చి ఎదురుగా ఉన్న రాతిదొడ్డి గోడకి ఆనించి, ఎండిన పొలాలు కనిపించేలా నిలబెడతాం. అన్ని నీళ్ళు చూసిన మనిషి ఈ కరువు చూసి ఊరుకోలేడని మా పెద్దల నమ్మకం. మొదటి చుక్క పడగానే ఎత్తుకుని లోపలికి పరిగెత్తాలి.

చర్చి తలుపుకి మూడు తాళాలు. పక్క లోయలో దొంగలు బొమ్మల్ని బ్లేడుతో కోసుకుపోయిన ఏడాది బిగించినవి. మూడు తాళంచెవులూ మూడు ఇళ్ళలో ఉంటాయి. నోవహు బయట ఉన్నా లోపల మిగతా పునీతులు ఉంటారు కాబట్టి తలుపు మళ్ళీ వేసేస్తారు. ముగ్గురూ వస్తేగానీ అది తెరుచుకోదు. తాళంచెవి ఆ ఇంటి మనిషి నడుము దాటి పరాయి చేతికి పోకూడదు. ఇదీ కట్టు. దొంగలకి భలే అడ్డం వేశామని మురిసిపోయాం. మాకు మేమే అడ్డం వేసుకున్నామని తెలుసుకోవడానికి ఒక వడగళ్ళవాన కావలసి వచ్చింది.

ఒక చెవి ముసలి మెలితోన్ దగ్గర, ఇంకోటి బడి పక్కింటివాళ్ళ దగ్గర, మూడోది తొమాసా నడుముకి. అది ఆమె మొగుడు ఇలారియో తండ్రి నుంచి వచ్చింది. ఇలారియో లారీ బోల్తాపడి పోయాక తాళంచెవీ, మందా, మూడేళ్ళ పిల్లా ఆమెకి మిగిలాయి. పిల్ల పేరు నీల్దా.

ఆ ఏడాది నోవహుని బయట పెట్టి నాలుగు రోజులైంది. ఆకాశం కడిగిన పింగాణీ కంచంలా మెరుస్తోంది, మబ్బు తునక లేదు. ఆ పొద్దున నీల్దా ఒళ్ళు కాలిపోతోంది. పిల్లని వీపున కట్టుకుని తొమాసా కింద ఊరి ఆరోగ్యకేంద్రానికి బయలుదేరింది. దారి మలుపులో బసీలియా ఎదురైంది. జ్ఞానస్నానంలో నీల్దాని ఎత్తిపట్టుకున్న జ్ఞానతల్లి ఆమె, అందుకని వీళ్ళిద్దరూ ఒకరినొకరు కొమాద్రే అనుకునేవాళ్ళు.

"తాళంచెవి నాకిచ్చి పో కొమాద్రే. వాన పడిందంటే ఏం చేస్తాం?"

"పరాయి చేతికి ఇయ్యకూడదు గదా."

"నీ కూతుర్ని స్నానపుతొట్టి మీద ఎత్తిపట్టుకున్న చెయ్యి పరాయిదైపోయిందా?"

"కట్టు అట్టా ఉంది కొమాద్రే, నేను పెట్టానా? అయినా చూడు ఆకాశం. ఎక్కడ పడుద్ది వాన?"

బసీలియా మొహం ముడుచుకుని దారి ఇచ్చింది. ఆరోగ్యకేంద్రం తలుపు మూసి ఉంది, నర్సు ఏదో శిక్షణకి పోయిందట. మందూ మాకూ లేకుండా తొమాసా కొండ తిరిగి ఎక్కుతుంటే, వెనకనుంచి మబ్బు ఆమెని దాటుకుని పైకి వెళ్ళింది.

కోడిగుడ్డంతేసి వడగళ్ళు. జనం నోవహుని తలుపుదాకా మోసుకొచ్చారు, రెండు తాళాలు తీశారు, మూడోది తీసే మనిషి లేదు. తాళం పగలగొట్టే ధైర్యం ఎవరికీ చాలలేదు. దుప్పట్లు కప్పారు, గాలి లాక్కుపోయింది. తొమాసా రొప్పుతూ వచ్చి మూడో తాళం తీసేసరికి బొమ్మ గుడ్డ ఒక మూల చిరిగి వేలాడుతోంది. నోవహుకి గడ్డం తడిసింది, అంతే. కాపరికి మొహం లేదు. ఆమె మొహం తెల్లటి వడగళ్ళ మీద పెచ్చులు పెచ్చులుగా పడి ఉంది.

ఇక్కడే మేం మా ఊరివాళ్ళు మాత్రమే చేయగల పని చేశాం. ప్రతి ఇంట్లో ఒక మూట ఉంటుంది. చిన్నచిన్న రాతి లామాలు, కాస్త ఉన్ని, మేం నమిలే కోకా ఆకులు నాలుగు, అన్నీ కలిపి మంద పెరగాలని కట్టి దాచుకునే మూట. ఏడాదికొక్కసారి, ఆగస్టులో విప్పి భూదేవికి నైవేద్యం పెట్టి మళ్ళీ కట్టేస్తాం. పునీతుల ఒంటి నుంచి రాలింది నేలపాలు కాకూడదని మా పట్టింపు. అందుకని దొరికినవాళ్ళు దొరికిన పెచ్చు ఏరుకుని ఇంటి మూటలో దాచేశారు. తర్వాత ఆఫీసువాళ్ళు జీపులో వచ్చి, "రాలిన రంగు పెచ్చులేమైనా ఉన్నాయా?" అని అడిగితే ఊరు ఊరంతా ఆకాశంకేసి చూసింది. వాళ్ళు చిరిగిన బొమ్మని చుట్టుకుని పోయారు.

తొమాసా కూడా వంగింది. ఆమెకి దొరికింది ఎడమ కన్ను. బొటనవేలి గోరంత. దాన్ని మూటలో పెట్టలేదు. చిన్న గుడ్డసంచిలో కుట్టి నీల్దా మెడలో వేసింది. మర్నాటికి పిల్లకి జ్వరం దిగింది.

ఆ తర్వాత ఆరేళ్ళూ పిల్లకి జలుబైనా చేయలేదు. స్నానం చేయించినా ఆ సంచి తీయలేదు. దారం అరిగితే కొత్త దారం వేసింది గానీ కుట్టు విప్పలేదు. ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. మరోపక్క ఊరు ఆమెని చూసినప్పుడల్లా "తాళం దగ్గర లేని తొమాసా" అని గుసగుసలాడుతూనే ఉంది. ఆమె జవాబు చెప్పేది కాదు. నోవహుని ఇంటికి తెచ్చి గోడకి తగిలించినరోజు నోళ్ళు వాటంతటవే మూతపడతాయనుకుంది. అందుకే ఆ మొదటి సోమవారాలు.

ఆరో ఏడాది జూలైలో కాపలావాడు మొక్కజొన్నలు తీసుకోకుండానే లోపలికి పొమ్మన్నాడు. బొమ్మని బాగుచేస్తున్న సెన్యోరా ఎల్బా, తెల్లకోటు, ముక్కు చివర కళ్ళద్దాలు, ఆమెని బల్ల దగ్గరికి తీసుకెళ్ళింది. నోవహు తళతళలాడుతున్నాడు. చిరుగు ఎక్కడుందో వెతికినా కనపడలేదు. ఏనుగు కూడా కాస్త ఏనుగులా కనిపించింది. మూలన కాపరి శాలువాకీ టోపీకీ మధ్య పిడికెడంత బోడి గుడ్డ ఉంది.

"సెప్టెంబరులో తీసుకుపోవచ్చు తొమాసా. ఆ ఖాళీని మట్టిరంగుతో నింపేస్తాను."

"మొహం గీయరా సెన్యోరా?"

"మా రూలు ఒప్పుకోదు. పోయిన మొహాన్ని మేం ఊహించి గీయకూడదు. అది ఇంకొకరి మొహం అవుతుంది. ఉన్నది నిలబెడతాం, లేనిది కల్పించం."

"రాలిన పెచ్చులుంటే?"

ఎల్బా కళ్ళద్దాలు తీసింది. "ఉంటే ఎక్కడివక్కడ అతికిస్తాను. కానీ ఆరేళ్ళయింది. లేవన్నారు కదా మీవాళ్ళు."

తొమాసా బోడి గుడ్డకేసి చూస్తూ నిలబడింది. మొహం లేని కాపరిని గోడకి తగిలిస్తే తాను చేసింది జీవితాంతం ఆ గోడమీదే ఉంటుంది, పైగా మందల్ని లెక్కపెట్టడానికి ఎవరూ ఉండరు. "సెప్టెంబరు దాకా రంగు ముట్టుకోవద్దు," అంది. ఆఫీసులో ఆమె అలా గట్టిగా మాట్లాడటం అదే మొదలు.

ఆగస్టు వచ్చింది, ఇళ్ళలో మూటలు విప్పే రోజులు. తొమాసా మొదట ముసలి మెలితోన్ గడప ఎక్కింది. ఆయన మూట ముందేసుకుని కూర్చుని ఉన్నాడు.

"పెద్దయ్యా, కాపరి మొహం కావాలి. నీ దగ్గరున్న ముక్క ఇవ్వు."

మెలితోన్ కాసేపు వెతికి, ఎర్రటి పెచ్చు ఒకటి అరచేతిలో పెట్టుకుని చూపించాడు. పెదవి. "తీసుకుపో తల్లీ. ఆరేళ్ళలో నా మందలో ఒక్క పిల్ల పెరగలేదు. నోరు గదా, నా గురించి భూదేవికి ఏం చెప్పిందో ఏమో."

అంత తేలికగా ఇచ్చింది ఆయనొక్కడే. మిగతా ఇళ్ళవాళ్ళు ససేమిరా అన్నారు. ఒకడు కుక్క తినేసిందన్నాడు. ఒకావిడ, "మొహం పోగొట్టినదానివి నువ్వు, మా మూటల మీద పడతావేందే?" అని తలుపు మూసింది. తొమాసా మారుమాటాడకుండా ఆ తలుపు ముందే కూర్చుని కదురు తీసింది. గడపలో పరాయి మనిషి ఉండగా మూట విప్పి నైవేద్యం పెట్టడానికి లేదు. ఆగస్టులో నైవేద్యం మానడానికీ లేదు. ఆమెకి ఈ సంగతి బాగా తెలుసు, ఇంట్లోవాళ్ళకీ తెలుసు. పొద్దున మంద తోలుకుపోయేటప్పుడు ఉంది, మధ్యాహ్నం ఉంది, మర్నాడూ ఉంది. తిట్టినా వడుకుతోంది, బార్లీ గంజి తెచ్చిస్తే తాగి మళ్ళీ వడుకుతోంది. ఆ నెలలో ఆమె వడికిన నూలుతో రెండు దుప్పట్లు నేయొచ్చు. మూడో రోజుకి తలుపు సందులోంచి చెయ్యి బయటికి వచ్చేది, గుడ్డలో చుట్టిన పెచ్చుతో. కుక్క తిన్న పెచ్చు కూడా ఎట్టాగో తిరిగొచ్చింది.

బసీలియా ఇల్లు ఆఖరికి మిగిల్చింది. భయపడే మిగిల్చింది. తాళంచెవి ఇవ్వనన్న రోజు నుంచి వాళ్ళిద్దరి మధ్యా మాటలు లేవు. పైగా ఈ ఆరేళ్ళలో ఉన్ని కోసం పెంచే బసీలియా అల్పాకాలు రెట్టింపయ్యాయి. అదంతా తన మూటలో ఉన్న పెచ్చు చలవేనని ఆమె ఊరంతా చెప్పుకుంది.

గడప మీద తొమాసా కదురు తీయబోతుంటే బసీలియా లోపలినుంచే అంది, "నాటకాలు ఆపి లోపలికి రా."

తొమాసా లోపలికి వెళ్ళింది.

"అందరూ ఇచ్చారా?"

"ఇచ్చారు."

"నీది?"

తొమాసా చేతిలోని కదురుని మూటలోకి తోసింది. "నాకేం దొరకలేదు. నేను ఆలస్యంగా వచ్చాగా."

బసీలియా ఆమెని అలాగే చూసింది. తర్వాత మూట విప్పి అగ్గిపెట్టె తీసింది. అందులో దూదిమీద కుడి కన్ను ఉంది. "తీసుకుపో. ఏ ఇల్లైనా దాచుకుందని తెలిసిందనుకో, నాది నాకు తెచ్చివ్వాలి. మాట ఇవ్వు."

తొమాసా మాట ఇచ్చింది.

సెప్టెంబరు మొదటి సోమవారం ఎల్బా ఆ పెచ్చులన్నీ బల్లమీద పరిచి ఒక్కొక్కటే భూతద్దంతో చూసింది. "వీటిని ఎక్కడ దాచారు?" అని మాత్రం అడిగింది. "అల్పాకాల దగ్గర," అంది తొమాసా. ఆ తర్వాతి సోమవారానికల్లా మొహం లేచి నిలబడింది. నుదురు, టోపీ అంచు నీడ, ఎండకి కమిలిన చెంప, మెలితోన్ ఇచ్చిన పెదవి, కుడి కన్ను. ఎడమ కన్ను ఉండాల్సిన చోట గోరంత ఖాళీ. మామూలుగా అయితే మనల్ని చూసే మనిషి, ఇప్పుడు ఎవరో కంట్లో పొడిస్తే బాధ ఓర్చుకుంటున్నట్టుంది.

"ఇంతవరకూ వస్తుందని కల్లో కూడా అనుకోలేదు," అంది ఎల్బా. "ఈ చిన్నది మట్టిరంగుతో సర్దేస్తాను. దూరంనుంచి చూస్తే తెలియదు."

తెలియకపోవచ్చు. తొమాసాకి తెలుస్తుంది. ఇన్ని ఇళ్ళ గడపల మీద కూర్చుని, జనం నమ్ముకున్నదాన్ని పిండి తెచ్చి, తన ఒక్క ఇంటిది మాత్రం దాచుకుంది. వాళ్ళు పణం పెట్టింది మందని, తాను పెట్టాల్సింది పిల్లని అని తనకి తాను సర్దిచెప్పుకుంది. బల్ల దగ్గర నిలబడి ఆ మొహాన్ని చూస్తుంటే ఆ మాట నిలబడలేదు.

"ఒక్క వారం ఆగండి సెన్యోరా."

"నువ్వు మా కోసం ఆరేళ్ళు ఆగావు," అంది ఎల్బా. "నీ కోసం ఒక వారం ఆగలేనా."

ఊరికి వచ్చి తొమాసా ఇంటికి వెళ్ళలేదు. మేత దగ్గరున్న నీల్దాని పిలిచి చెయ్యి పట్టుకుని నేరుగా బసీలియా వాకిట్లోకి తీసుకెళ్ళింది. బసీలియా ఎండలో కూర్చుని దుంపలు ఆరబెడుతోంది.

"నేను అబద్ధం చెప్పాను కొమాద్రే. ఎడమ కన్ను నా దగ్గరుంది. పిల్ల మెడలో. నీ కన్ను నీకు తెచ్చివ్వమంటే తెచ్చిస్తా."

బసీలియా దుంపలు తిరగేస్తూనే ఉంది. "నాకు తెలుసు."

"తెలుసా?"

"ఆ రోజు నేను కుడి కన్ను ఏరుకుంటుంటే నీ చెయ్యి నా చేతి పక్కనే ఉంది. నువ్వు నన్ను చూళ్ళేదు, నీ ధ్యాసంతా పిల్ల మీద ఉంది."

"తెలిసీ నాకెందుకిచ్చావు?"

"నేనివ్వకపోతే నీకు సాకు దొరుకుద్ది. బసీలియా ఇవ్వలేదు గదా, నేనెందుకివ్వాలి అనుకుంటావు. నీకు సాకు దొరక్కూడదని ఇచ్చా." ఆమె తలెత్తింది. "కత్తెర లోపల గూట్లో ఉంది."

తొమాసా కత్తెర తెచ్చింది గానీ దారం దాకా తీసుకెళ్ళి రెండుసార్లు వెనక్కి తీసింది. నీల్దా మెడ చాచి నిలబడి, "కానీయమ్మా, దురద పెడుతోంది," అంది. ఆఖరికి బసీలియాయే కత్తెర అందుకుని దారం తెంపింది. గుడ్డసంచి చెమటకి నల్లగా అట్టకట్టిపోయి ఉంది. లోపల కన్ను మాత్రం చెక్కు చెదరలేదు.

తర్వాత మూడు రోజులు తొమాసా గంటకోసారి పిల్ల నుదుటిమీద చెయ్యి పెట్టి చూసింది. "నా నుదురు అరిగిపోద్దమ్మా," అని పిల్ల విసుక్కుంది. పిల్లకి ఏమీ కాలేదు. నాలుగో రోజున తొమాసా లారీ ఎక్కింది, పక్కన బసీలియా కూడా ఎక్కింది. అడిగితే, "నా కన్ను ఎట్టా అతికిస్తారో నేను చూసుకోవద్దా," అంది.

అక్టోబరులో నోవహు ఇంటికి వచ్చాడు. రోడ్డు నుంచి పైకి మగవాళ్ళు భుజాలు మార్చుకుంటూ మోశారు. ముగ్గురూ మూడు తాళాలు తీశారు. గోడకి తగిలించాక, మెలితోన్ చర్చిలో నాలుగు మూలలా నడిచి చూసుకుని, "చూస్తోంది," అన్నాడు. తాళం దగ్గర లేని తొమాసా అన్న మాట ఆ రోజు తర్వాత ఊళ్ళో వినపడలేదు.

ఇక్కడితో ఆపేస్తే బాగానే ఉంటుంది. కానీ వానలు ఆ ఏడాది కూడా మొరాయించాయి. నవంబరు సగమైంది, నేల నోరు తెరిచింది. ఊరు సమావేశమై, బాగుచేయించుకున్న బొమ్మని మళ్ళీ బయట పెట్టడమా అని రెండు రోజులు కొట్టుకుని, చివరికి పెట్టింది. ఇంకేం చేస్తాం, నోవహు ఉన్నదే అందుకు. తొమాసా తలుపు ముందు రాతిమీద కూర్చుంది. తినడం అక్కడే, వడకడం అక్కడే. నడుముకి తాళంచెవి. ఈసారి ఆకాశం ఎంత నీలంగా ఉన్నా కదిలేది లేదని కూర్చుంది.

మూడో రోజు పొద్దున నీల్దా మందని వదిలేసి వచ్చి తల్లి ఒళ్ళో తలపెట్టింది. తొమాసా చెయ్యి వేసి చూసింది. ఒళ్ళు నిప్పులా కాలుతోంది. పిల్లకి మింగుడు పడటం లేదు, మాట బొంగురుపోయింది. మెడలో ఏమీ లేదు.

ఆమెకి ఆరేళ్ళ కిందటి పొద్దున మొత్తం కళ్ళముందు తిరిగింది. అదే ఆకాశం. చర్చి ముందున్నవాళ్ళందరూ ఆమెకేసి చూస్తున్నారు. ఏమనగలరు. పొమ్మంటే బొమ్మ, ఉండమంటే పిల్ల. మెలితోన్ నోట్లో కోకా ఆకు నమలడం ఆపేశాడు.

తొమాసా లేచి నడుముతాడుకి తాళంచెవిని కట్టిన ముడి విప్పింది. అది మామగారు వేసిన ముడి, మొగుడు పోయినరోజు తాడు ఆమె నడుముకి మారినా ఎవరూ విప్పలేదు. పళ్ళతో లాగాల్సి వచ్చింది. తాళంచెవి పట్టుకుని జనాన్ని దాటుకుని బసీలియా ముందు నిలబడింది.

"పట్టుకో కొమాద్రే."

"పరాయి చేతికి ఇయ్యకూడదు," అన్నాడు మెలితోన్ నెమ్మదిగా. కట్టు గుర్తు చేయడం ఆయన బాధ్యత.

"పరాయి చెయ్యి కాదు పెద్దయ్యా. నా కూతుర్ని తొట్టి మీద ఎత్తిపట్టుకున్న చెయ్యి," అంది తొమాసా. పిల్లని వీపున కట్టుకుంది. తొమ్మిదేళ్ళ పిల్ల, కాళ్ళు తల్లి మోకాళ్ళదాకా వేలాడుతున్నాయి. వెనక్కి తిరిగి చూడకుండా కొండ దిగింది.

ఈసారి నర్సు ఉంది. నీల్దా గొంతులోకి లైటు వేసి చూసి, ఇంజెక్షన్ ఇచ్చి, మాత్రలు కట్టి ఇచ్చింది. "ఇంకో రోజు ఆలస్యమైతే కష్టమయ్యేది," అంది. పిల్లకి చెమట పట్టి కళ్ళు తెరిచేదాకా ఉండి, బయటికి వచ్చేసరికి పైన కొండ కనిపించలేదు. మబ్బు దిగి ఉంది. దారి సగంలో కాళ్ళకింద వడగళ్ళు నలిగాయి. తొమాసా పిల్ల బరువు మర్చిపోయి పరిగెత్తింది.

రాతిదొడ్డి గోడకి ఏమీ లేదు. వడగళ్ళు నేలంతా తెల్లగా పరిచి ఉన్నాయి, వాటిమీద ఒక్క రంగు పెచ్చు లేదు. చర్చి తలుపు వేసి ఉంది, మూడు తాళాలూ వాటి స్థానంలో వేలాడుతున్నాయి. చూరు కింద బసీలియా కూర్చుని ఉంది, టోపీ మీంచి నీళ్ళు కారుతున్నాయి. తాళంచెవిని రెండు చేతుల మధ్యా పట్టుకుని ఉంది.

"ఒక్క చుక్క కూడా తగల్లేదు," అంది. తర్వాత నీల్దా నుదురు పట్టుకుని చూసింది. "దిగిందే."

తొమాసా తాళంచెవి తీసుకోలేదు. చూరు కింద ఆమె పక్కనే కూలబడి, పిల్లని ఒళ్ళోకి లాక్కుని, అప్పుడు ఏడ్చింది. ఆరేళ్ళలో ఎవరూ ఆమె ఏడవడం చూడలేదు.

కాసేపయ్యాక మొహం తుడుచుకుని అంది, "మిగతా ఇద్దర్నీ పిలువు కొమాద్రే. తలుపు తీయించు. కాపరికి పిల్లని చూపించాలి."

"చూసే ఉంటుందిలే," అంది బసీలియా. "ఇప్పుడు రెండు కళ్ళూ ఉన్నాయిగా."